రాయవేలూరు డాక్టరమ్మ

మా కలిగిరి వైపు పెద్దవాళ్ళకి జబ్బు చేస్తే రెండే ఊళ్ళు. మామూలు జబ్బయితే నెల్లూరు. నెల్లూరులో డాక్టర్లు పెదవి విరిస్తే రాయవేలూరు. చిన్నప్పుడు పేర్లు విని రెండూ ఒకే ఊరనుకునేవాణ్ణి. తమిళనాడులో ఉన్న వేలూరునే మావాళ్ళు రాయవేలూరు అంటారని తర్వాతెప్పుడో తెలిసింది. మా అవ్వకి కడుపులో గడ్డ తీసింది అక్కడే. నెల్లూరులో బస్సు మారి, తిరుపతి, చిత్తూరు మీదుగా పోయి, మూడు వారాలు లాడ్జీలో ఉండి వచ్చారంట. ఆ ఖర్చుకి తాత ఒక జత ఎద్దుల్ని అమ్మేశాడు. ఆపరేషన్ చేసిన డాక్టరు పేరు అవ్వకి తెలియదు. కానీ గోడ మీద ఫోటోలో తెల్లజుట్టుతో ఉన్న దొరసాని మాత్రం గుర్తుంది. ఆ ఆసుపత్రి మొత్తం ఆమే పెట్టిందంట అని ఇప్పటికీ చెప్తుంది.

ఆ దొరసాని పేరు ఐడా స్కడర్. ఆమె గురించి నేను చదవడానికి కారణం మాత్రం అవ్వ కాదు, మా అక్క రెండో కాన్పు.

రాత్రి పదకొండప్పుడు నొప్పులు మొదలైతే దగ్గర్లో ఉన్న ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాం. బిడ్డ అడ్డం తిరిగింది, ఆపరేషన్ చేయాలన్నారు. థియేటర్ ఉంది. బల్ల ఉంది, పెద్ద లైటుంది, ఏసీ కూడా ఉంది. ఆపరేషన్ చేసే డాక్టరమ్మ ఆ రాత్రి డ్యూటీలోనే ఉంది. లేనిది మత్తు డాక్టరు. ఆయన వారంలో రెండు రోజులే వస్తాడు, అది ఆ రెండు రోజుల్లో ఒకటి కాదు. అంబులెన్స్‌లో నెల్లూరు చేరేసరికి ఒంటిగంటన్నర దాటింది. తల్లీబిడ్డా బాగున్నారు. దారి పొడుగునా అమ్మ అక్క కాళ్ళు పట్టుకుని కూర్చున్న తీరు నాకు ఇంకా కళ్ళముందే ఉంది. సర్క్యూట్‌లో అన్ని పార్టులూ ఉండి ఒక్క కనెక్షన్ లేకపోతే బల్బు వెలగదు కదా. మనం ఫస్ట్ ఇయర్ ల్యాబ్‌లోనే నేర్చుకున్న సంగతి. ఆ రాత్రి అంబులెన్స్‌లో నాకు అదే గుర్తొచ్చింది.

ఇంటర్ బైపీసీ చదువుతున్న మా చెల్లి ఆ తర్వాత అనస్థీషియా టెక్నాలజీ కోర్సులో చేరింది. డాక్టరు కోర్సు కాదా, మరి ఎందుకు అని చుట్టాలంతా అడిగారు. ఇప్పటికీ అడుగుతున్నారు. ఆ ప్రశ్నకి జవాబు వెతుకుతూ నెట్‌లో చదువుతుంటే, ఒకరోజు అవ్వ చెప్పే దొరసాని దగ్గర తేలాను.

ఐడా 1870 డిసెంబరు 9న రాణిపేటలో పుట్టారు. వేలూరుకి పక్కనే. అమెరికా మిషనరీ కుటుంబం. తాత 1819లో సింహళానికి వచ్చిన డాక్టరు, తండ్రీ డాక్టరే. ఆ ఇంట్లో చాలామంది మిషన్ డాక్టర్లే. ఐడాకి మాత్రం ఆ దారి అస్సలు ఇష్టం లేదు. ఆరేడేళ్ళ వయసులో ధాత కరువు చూసింది. అది 1876 నుంచి 78 దాకా మన నెల్లూరు జిల్లాని కూడా పట్టి పీడించిన కరువే. ఆకలితో వచ్చిన పిల్లలకి రొట్టె ముక్కలు పంచే పని ఇంట్లో ఆమెకీ అప్పజెప్పారు. ఆ పిల్లలు కొందరు రొట్టె చేత్తో పట్టుకోలేక పోతే నోట్లో పెట్టాల్సి వచ్చేది. తర్వాత అమెరికా వెళ్ళి చదువుకున్నారు. ఇండియా జ్ఞాపకం అంటే ఆ కరువే గనుక, అక్కడే పెళ్ళి చేసుకుని హాయిగా ఉండిపోదామనుకున్నారు. తల్లికి జబ్బు చేస్తే చూసుకోవడానికని 1890లో తిండివనం వచ్చారు. కొన్నాళ్ళుండి వెళ్ళిపోదామని వచ్చిన మనిషి.

ఆ తర్వాత జరిగింది ఆమె గురించి రాసిన ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. ఒక రాత్రి ముగ్గురు మగవాళ్ళు, ఒకరి తర్వాత ఒకరు, తలుపు తట్టారు. ఒకాయన బ్రాహ్మణుడు, ఒకాయన ముస్లిం, ఇంకొకాయన మరో హిందూ కుటుంబం. ముగ్గురి భార్యలకీ కాన్పు కష్టమైంది. రమ్మని అడిగింది ఐడాని. ఆమెకి వైద్యం ఒక్క ముక్క రాదు, మా నాన్న డాక్టరు, ఆయన్ని పంపుతానన్నారు. మగ డాక్టరు మా ఆడవాళ్ళని ముట్టుకోకూడదని ముగ్గురూ వెనక్కి వెళ్ళిపోయారు. తెల్లారేసరికి ముగ్గురు ఆడవాళ్ళూ చనిపోయారు.

ఈ కథ చెప్పేవాళ్ళు సాధారణంగా ఆచారాన్ని తిట్టి ఊరుకుంటారు. నాకు ఇంకోటి కనిపించింది. ఆ ఊళ్ళో డాక్టరున్నాడు, మందులున్నాయి, రోగులున్నారు. అయినా ఆ ముగ్గురికీ వైద్యం అందలేదు. మా అక్క రాత్రికీ ఆ రాత్రికీ నూటపాతికేళ్ళు తేడా ఉండొచ్చు. లేనిది మాత్రం రెండుసార్లూ మనిషే.

ఐడా మళ్ళీ అమెరికా వెళ్ళి వైద్యం చదివారు. మొదట ఫిలడెల్ఫియాలో మహిళల వైద్య కళాశాల, తర్వాత అప్పుడే ఆడపిల్లల్ని చేర్చుకోవడం మొదలుపెట్టిన కార్నెల్. 1899లో డిగ్రీ వచ్చింది. వచ్చేటప్పుడే, షెల్ అనే బ్యాంకరు చనిపోయిన తన భార్య పేరు మీద పదివేల డాలర్లు ఆసుపత్రికిచ్చాడు. 1900లో వేలూరు చేరారు. తండ్రి దగ్గర కొన్నేళ్ళు పని నేర్చుకుందామనుకుంటే ఆ ఏడాదే ఆయన చనిపోయాడు. అంటే ఏంటి? చేతిలో డిగ్రీ ఉంది, పక్కన సీనియర్ లేడు. సర్జరీ పుస్తకంలో వచ్చే విద్య కాదు. పక్కన నిలబడి చూడాలి, తర్వాత చెయ్యందించాలి, తర్వాత సీనియర్ చూస్తుండగా తను చెయ్యాలి. ఈ మూడు మెట్లూ ఆమెకి సరిగ్గా దొరకలేదు. ఇంట్లోనే ఒక చిన్న గదిలో వైద్యం మొదలుపెట్టారు. రెండేళ్ళలో ఐదువేల మందిని చూశారు. 1902లో షెల్ ఆసుపత్రి తెరిచారు, 40 పడకలు.

నాకు ఐడా కథలో అన్నిటికంటే నచ్చిన మనిషి సలోమి. ఆమె గురించి పుస్తకాల్లో నాలుగు లైన్లు కూడా ఉండవు. ఆ బంగళాలో పనిచేసే వంటింటి కుటుంబంలో మనిషి. నర్సు కాదు, కాంపౌండరు కాదు. ఐడాకి ఆపరేషన్ చేయాల్సి వచ్చినప్పుడు పక్కన నిలబడడానికి వేరే ఎవరూ లేరు కాబట్టి సలోమిని నిలబెట్టారు. చేతులు ఎట్లా కడుక్కోవాలి, కడుక్కున్నాక ఏది ముట్టుకోకూడదు, ఏ సామాను ఎప్పుడు అందించాలి, రక్తం చూస్తే కళ్ళు తిరగకుండా ఎట్లా నిలబడాలి, ఇవన్నీ నేర్పించారు. సలోమి నేర్చుకుంది. వేలూరులో ఈ రోజు వేలమంది పనిచేసే ఆ ఆసుపత్రికి మొదటి థియేటర్ అసిస్టెంట్ ఆమెే అనుకోవచ్చు.

అక్కణ్ణుంచి ఐడా వెళ్ళిన దారి చూడండి. పెద్ద కాలేజీ కట్టి, ఆ తర్వాత మనుషుల కోసం చూడలేదు. ముందు దొరికిన చేతులకి పని నేర్పారు. మందులు కలిపేవాళ్ళకి శిక్షణ ఇచ్చారు. 1909లో నర్సింగ్ స్కూలు పెట్టారు. అదే రోజుల్లో ఆమెకి ఒక ప్యూజో కారు వచ్చింది. అప్పటిదాకా గుడియాత్తం వెళ్ళాలంటే బండి మీద ప్రయాణం. కారు వచ్చాక వారం వారం ఒకే దారిలో, చెట్ల కింద ఆగి ఆగి రోగుల్ని చూడడం పద్ధతి అయింది. మొదట్లో ఆ కారు చూసి దెయ్యం వస్తోందని జనం పారిపోయారంట. కొన్ని వారాలకి ఆ చెట్ల కిందే తెల్లారగట్ట నుంచి కూర్చుని ఎదురుచూడడం మొదలుపెట్టారు. ఆ గుడియాత్తం వైపు ఊళ్ళలో తెలుగు మాట్లాడేవాళ్ళు ఇప్పటికీ చాలామంది, కాబట్టి ఆ చెట్ల కింద మన భాషలో కూడా బాధలు చెప్పుకుని ఉంటారు.

ఎన్ని ఊళ్ళు తిరిగినా రెండు చేతులే కదా. ఒక్క డాక్టరు రోజుకి ఎన్ని ఆపరేషన్లు చేయగలదు? ఆడపిల్లల్ని డాక్టర్లుగా తయారుచేసే స్కూలు కావాలని ఐడా అడగడం మొదలుపెట్టారు. మద్రాసు ప్రభుత్వంలో వైద్యశాఖ పెద్దలు పర్మిషనైతే ఇచ్చారు గానీ, దరఖాస్తులు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని కూడా రావని వాళ్ళ అనుమానం. 1918లో మొదటి ఏడాదే 151 మంది ఆడపిల్లలు దరఖాస్తు పెట్టారు. ఆలోచించండి, 1918! మన ముత్తవ్వల్లో ఎంతమందికి సంతకం వచ్చు అప్పుడు? కొద్దిమందినే తీసుకోగలిగారు, మిగతావాళ్ళని వెనక్కి పంపాల్సి వచ్చింది. ఆ ఆగస్టు 12న గవర్నర్ లార్డ్ పెంట్లాండ్ వచ్చి స్కూలు ప్రారంభించారు. సొంత భవనాలు లేవు, పాఠాలు చెప్పేవాళ్ళు సరిపడా లేరు. ప్రిన్సిపాల్ ఐడా, లెక్చరర్ ఐడా, ఆసుపత్రిలో సర్జన్ కూడా ఐడానే. నాలుగేళ్ళ తర్వాత మొదటి బ్యాచ్‌లో 14 మంది పరీక్షకి కూర్చున్నారు. అదే పరీక్ష రాసిన మగవాళ్ళ కాలేజీల్లో తప్పినవాళ్ళే ఎక్కువ. వేలూరు పిల్లలు పద్నాలుగు మందీ పాసయ్యారు.

ఇక్కడ మన బ్యాచ్‌కి బాగా అర్థమయ్యే విషయం ఒకటుంది. వాళ్ళకి వచ్చింది ఎంబీబీఎస్ కాదు, ఎల్.ఎం.పి. నాలుగేళ్ళ డిప్లొమా. మన భాషలో చెప్పాలంటే బీటెక్ కాదు, పాలిటెక్నిక్. పట్నంలో పెద్ద డాక్టర్లకి ఎల్.ఎం.పి. అంటే చిన్నచూపు. కానీ చిన్న ఊళ్ళలో, తాలూకా ఆసుపత్రుల్లో పనిచేసింది ఎక్కువగా వాళ్ళే. పాత సినిమాల్లో, పాత నవలల్లో పల్లెటూరి డాక్టరు గారి బోర్డు మీద ఆ మూడక్షరాలే ఉంటాయి.

వేలూరు పెరిగింది. 1920ల్లో తోటపాళ్యంలో కొత్త ఆసుపత్రి వచ్చింది. 1928లో ఊరి బయట బాగాయం కొండ దగ్గర కాలేజీకి పని మొదలైంది, ఆ ఏడాదే గాంధీగారు వచ్చి చూసి వెళ్ళారు. అంతా సర్దుకుంటోంది అనుకునే సమయానికి, 1930ల చివర్లో, పిడుగు లాంటి వార్త. మద్రాసు ప్రభుత్వం ఎల్.ఎం.పి. కోర్సు ఎత్తేస్తోంది. ఇకపై డాక్టరు కావాలంటే యూనివర్సిటీ డిగ్రీ ఉండాల్సిందే. వేలూరు బతకాలంటే స్కూలు కాలేజీ కావాలి. పడకలు పెరగాలి, ల్యాబులు పెరగాలి, పెద్ద డిగ్రీలున్న ప్రొఫెసర్లు రావాలి. బయట రెండో ప్రపంచ యుద్ధం.

రిటైరై కూర్చోవాల్సిన వయసు ఐడాది. డెబ్బై దాటాక మళ్ళీ అమెరికా వెళ్ళి ఊరూరా తిరిగి డబ్బు అడిగారు. ఈ కాలేజీ మగపిల్లల్ని కూడా చేర్చుకుంటేనే నిలబడుతుందని తేలినప్పుడు, ఆడపిల్లల కాలేజీ అని ఏళ్ళ తరబడి డబ్బులిచ్చిన దాతలు కొందరు కోపం తెచ్చుకున్నారు. ఐడా ఎవరి కోసమైతే జీవితమంతా ఇచ్చారో ఆ ఆడపిల్లలకి అన్యాయం చేస్తున్నారన్నట్టు మాట్లాడారు. ఆమె ఒప్పుకున్నారు, బాధపడే ఒప్పుకుని ఉంటారు. 1942లో ఎంబీబీఎస్‌కి గుర్తింపు వచ్చింది, ఆ దశాబ్దంలోనే మగపిల్లలూ చేరారు. ఆ తర్వాత ఆ కాలేజీని నడిపిన మొదటి భారతీయురాలు మన విశాఖపట్నంలో పుట్టిన డాక్టర్ హిల్డా మేరీ లాజరస్. ఈమె పేరు మన జీకే పుస్తకాల్లో ఎందుకుండదో నాకర్థం కాదు.

నేను ఇరుక్కుపోయింది ఈ ఎల్.ఎం.పి. దగ్గరే. కోర్సు ఎత్తేయడం వల్లే వేలూరు ఇంత పెద్దదైంది, అందులో అనుమానం లేదు. 1949లో జేకబ్ చాందీ వచ్చి మెదడు ఆపరేషన్ల విభాగం మొదలుపెట్టారు. పాల్ బ్రాండ్ కుష్ఠురోగుల వంకరపోయిన చేతులకి ఆపరేషన్లు చేసి మళ్ళీ పట్టు తెప్పించారు. మా అవ్వ కడుపులో గడ్డ తీసిన డాక్టరు కూడా ఆ చదువుల్లోంచి వచ్చినవాడే. డిప్లొమా దగ్గరే ఆగిపోయి ఉంటే ఇవేవీ ఉండేవి కావు.

కానీ ఇంకో వైపు లెక్క చూడండి. 1946లో భోర్ కమిటీ దేశం మొత్తం మీద డాక్టర్లని లెక్కేస్తే సుమారు 47,500 మంది తేలారు. అందులో దాదాపు 30 వేల మంది ఎల్.ఎం.పి. లాంటి లైసెన్షియేట్లే. ఇక డిగ్రీ డాక్టరు ఒక్కటే ఉండాలని కమిటీ సిఫారసు చేసింది. అందరూ ఒప్పుకోలేదు, కొందరు సభ్యులు అప్పుడే వద్దని విడిగా రాశారు. డిగ్రీ పెరిగింది, మంచిదే. డిగ్రీ వచ్చినవాళ్ళు కలిగిరి లాంటి ఊళ్ళో ఉండాలంటే ఏం చేయాలన్నది మాత్రం అట్లాగే మిగిలిపోయింది. 2015లో లాన్సెట్ కమిషన్ లెక్క ప్రకారం ప్రపంచంలో 500 కోట్ల మందికి అవసరమైనప్పుడు భద్రమైన ఆపరేషన్ అందుబాటులో లేదు. లక్ష జనాభాకి కనీసం 20 మంది ఉండాలన్నారు వాళ్ళు, అదీ సర్జన్లనే కాదు, మత్తు డాక్టర్లు, కాన్పు డాక్టర్లు ముగ్గుర్నీ కలిపి లెక్కేశారు. ఆ కలిపి లెక్కేయడం నాకు బాగా నచ్చింది.

ఆఫ్రికాలో మొజాంబిక్ అనే దేశం 1984 నుంచి డాక్టర్లు కాని ఆరోగ్య సిబ్బందికి మూడేళ్ళు సర్జరీ నేర్పి జిల్లా ఆసుపత్రులకి పంపింది. ఏడేళ్ళ తర్వాత వెళ్ళి చూస్తే వాళ్ళలో 88 శాతం మంది ఆ జిల్లా ఆసుపత్రుల్లోనే ఉన్నారు. అట్లాగే పోస్టింగ్ ఇచ్చిన డాక్టర్లలో ఒక్కరూ మిగల్లేదు. మన దేశంలో కూడా ఎంబీబీఎస్ డాక్టర్లకి 18 వారాలు మత్తు ఇవ్వడం నేర్పి, అత్యవసర కాన్పులకి వాడుకునే శిక్షణ ఒకటి పెట్టారు. కాబట్టి మళ్ళీ తిరిగి తిరిగి ఐడా మొదలుపెట్టిన చోటికే వస్తున్నామా అనిపిస్తుంది నాకు. తక్కువ చదువు పేదలకి, ఎక్కువ చదువు పట్నాలకి అనడం న్యాయమేనా అని మా రూమ్‌మేట్ అడిగాడు. న్యాయం కాదు. కానీ ఆ రాత్రి మా అక్క పక్కన 18 వారాలు నేర్చుకున్న మనిషి ఒకరున్నా చాలనే అనిపించి ఉండేది. ఇంతకంటే గట్టి జవాబు నా దగ్గర లేదు.

ఐడా దగ్గర మాత్రం ఒక మధ్య దారి ఉంది. అది డిగ్రీకి సంబంధించింది కాదు. పిల్లలు ఎక్కడ నేర్చుకోవాలి అన్నది. ఆమె స్టూడెంట్లు థియేటర్‌లో నేర్చుకున్నారు, ఆ కారులో గుడియాత్తం దారిలో చెట్ల కిందా నేర్చుకున్నారు. వేలూరులో ఇప్పటికీ చాలా సీట్లకి ఒక పద్ధతుంది. ఏదో ఒక చిన్న ఊరి ఆసుపత్రి తరఫున సీటు తీసుకుంటారు, చదువయ్యాక రెండేళ్ళు అట్లాంటి చోట పనిచేయాలి. అందరూ రెండేళ్ళ తర్వాత ఉండిపోతారని కాదు. కానీ పల్లెటూరి థియేటర్ ఎట్లా ఉంటుందో, కరెంటు పోతే ఏం చేయాలో, మత్తు డాక్టరు లేని రోజు ఎట్లా గడుస్తుందో ఆ రెండేళ్ళలో ఒంటబడుతుంది.

1946లో ఐడా పని నుంచి తప్పుకుని కొడైకెనాల్‌లో ఉన్నారు. డాక్టర్ ఐడా, ఇండియా అని మాత్రమే అడ్రసు రాసిన ఉత్తరం కూడా ఆమెకి చేరిందని చెప్పుకుంటారు. 1960 మే నెలలో చనిపోయారు, అప్పటికి వయసు 89. పెళ్ళి చేసుకోలేదు. ఇండియాలో ఉండనే ఉండనన్న మనిషి ఇక్కడే జీవితమంతా పనిచేసి, ఇక్కడే మట్టిలో కలిశారు.

మొన్న సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు చెల్లి కూడా వచ్చింది. ఆక్సిజన్ సిలిండర్ ప్రెషర్ ఎట్లా చూడాలో, పేషెంట్‌ని బల్ల మీదికి ఎక్కించకముందే మిషన్‌లో ఏమేం చెక్ చేయాలో మంచం మీద కూర్చుని అవ్వకి వివరిస్తోంది. అవ్వకి సగం అర్థమైందో లేదో, చెల్లిని డాక్టరమ్మా అనే పిలుస్తుంది. కాదే అవ్వా, నేను డాక్టర్ని కాదు, డాక్టరు పక్కన ఉండేదాన్ని అని అది ఎన్నిసార్లు చెప్పినా వినదు. నేను అప్పుడు రాయవేలూరు దొరసాని సంగతి మొత్తం చెప్పాను. మూడు కాన్పుల దగ్గర అవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. కారూ, గవర్నరూ, గాంధీగారూ ఆమెకి పట్టలేదు. సలోమి దగ్గర మాత్రం ఆపింది. వంటింట్లోంచి వచ్చిందా అని ఒకటికి రెండుసార్లు అడిగి, మొదట ఏం నేర్పించారో మళ్ళీ చెప్పమంది. చేతులు కడుక్కోవడం అని చెల్లి చెప్పింది. ఎట్టా కడుక్కోవాలో చూపించమని అవ్వ తన చేతులు రెండూ చాపింది.